34 అంగుళాల అల్ట్రావైడ్ మానిటర్‌కి ఏ గ్రాఫిక్స్ కార్డు? కొనేముందు వేయాల్సిన లెక్కలివే

అల్ట్రావైడ్ మానిటర్ కొనడం ఇప్పుడు ఈజీ అయిపోయింది. సేల్ వచ్చిందంటే 34 అంగుళాల కర్వ్‌డ్ స్క్రీన్, 165 హెర్ట్జ్ రిఫ్రెష్ రేట్ ఉన్న మానిటర్లు చాలామంది బడ్జెట్‌లోకి వచ్చేస్తున్నాయి. పైగా 32 అంగుళాలు దాటిన మానిటర్లపై ఇదివరకు 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి తగ్గింది. అసలు ఇబ్బంది మానిటర్ ఇంటికొచ్చాక మొదలవుతుంది. నిన్నటిదాకా ఫుల్ హెచ్‌డీలో హాయిగా నడిచిన గేమ్, ఈ పెద్ద స్క్రీన్ మీద నత్తనడక నడుస్తుంది. అప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "బ్రో, దీనికి ఏ గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాలి?"

ఒక కార్డు పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ధరలు వారం వారం మారుతుంటాయి, మీ గేమ్స్ వేరు, మీ సిస్టమ్ వేరు. అందుకే ఈ ఆర్టికల్‌లో కార్డు పేరు కంటే ముందు లెక్క నేర్చుకుందాం. లెక్క వస్తే, రేపు కొత్త కార్డు వచ్చినా మీరే తేల్చుకోగలరు. ఇక్కడ అల్ట్రావైడ్ అంటే 3440×1440 రెజల్యూషన్ అని అనుకుందాం. ఎక్కువమంది కొనేది అదే.

1. ముందు పిక్సెల్స్ లెక్క పెడదాం

గ్రాఫిక్స్ కార్డు పని ప్రతి ఫ్రేమ్‌లో ఇన్ని పిక్సెల్స్‌కి రంగు లెక్కగట్టి ఇవ్వడం. కాబట్టి ఏ స్క్రీన్‌లో ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో చూస్తే సగం విషయం తెలిసిపోతుంది.

ఫుల్ హెచ్‌డీ (1920×1080): 20,73,600
చిన్న అల్ట్రావైడ్ (2560×1080): 27,64,800
క్యూహెచ్‌డీ (2560×1440): 36,86,400
మన అల్ట్రావైడ్ (3440×1440): 49,53,600
సూపర్ అల్ట్రావైడ్ (5120×1440): 73,72,800
4కే (3840×2160): 82,94,400

ఇందులో గమనించాల్సినవి మూడు. ఒకటి, ఫుల్ హెచ్‌డీతో పోలిస్తే మన మానిటర్‌లో పిక్సెల్స్ దాదాపు 2.4 రెట్లు. రెండు, మామూలు క్యూహెచ్‌డీ కంటే 34 శాతం ఎక్కువ. మూడు, 4కే పిక్సెల్స్‌లో ఇది 60 శాతం కూడా ఉండదు. అంటే "అల్ట్రావైడ్ కదా, 4కే కార్డు కావాలి" అనేది తప్పు, "1440 కదా, 1440పీ కార్డు చాలు" అనేదీ తప్పు. ఈ రెండిటి మధ్యలో, కాస్త 1440పీ వైపుగా ఉంటుంది మన స్థానం.

49 అంగుళాల 5120×1440 మానిటర్ కొన్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల పిక్సెల్స్ 4కేలో 89 శాతం. వాళ్లు నేరుగా 4కే చార్టులు చూసుకోవడమే మంచిది.

2. రివ్యూల్లో 3440 చార్ట్ దొరక్కపోతే?

గ్రాఫిక్స్ కార్డు రివ్యూ ఏది తెరిచినా 1080పీ, 1440పీ, 4కే అని మూడు చార్టులు ఉంటాయి. అల్ట్రావైడ్ చార్ట్ అరుదు. దీనికి నేను వాడే పద్ధతి చెబుతాను.

1440పీ చార్ట్‌లో మీ గేమ్‌కి వచ్చిన ఎఫ్‌పీఎస్ తీసుకోండి. పిక్సెల్స్ 34 శాతం పెరిగాయి కాబట్టి, కార్డు పనంతా పిక్సెల్స్‌తోనే పెరిగితే, ఫ్రేమ్స్ 1.344తో భాగించినంతకు పడిపోతాయి. అంటే 100 ఎఫ్‌పీఎస్ వచ్చేచోట 74 వస్తుంది. దీన్ని జాగ్రత్త అంచనాగా పెట్టుకోండి.

నిజానికి కార్డు పని మొత్తం పిక్సెల్స్ మీదే ఆధారపడదు. షాడో మ్యాప్స్, జామెట్రీ, ప్రాసెసర్ చేసే పని వంటివి రెజల్యూషన్‌తో పాటు అంతే పెరగవు. అందుకని చాలా గేమ్స్‌లో 1440పీ సంఖ్యను 0.75 నుంచి 0.85 మధ్య గుణిస్తే సరిపోతుంది. బరువైన రే ట్రేసింగ్ గేమ్ అయితే 0.75 వైపు, తేలికపాటి గేమ్ అయితే 0.85 వైపు. నేను మధ్యస్తంగా 0.78 వాడతాను. సరిచూసుకోవడానికి ఇంకో చిట్కా: మీకొచ్చిన జవాబు అదే కార్డు 1440పీ, 4కే సంఖ్యల మధ్యలో ఉండాలి. లేకపోతే ఎక్కడో లెక్క తప్పినట్టే.

ఇంకో మాట. రివ్యూలో సగటు ఎఫ్‌పీఎస్ ఒక్కటే చూడకండి. దాని పక్కనే "1 శాతం లో" అని ఉంటుంది. ఆట నెమ్మదించిన క్షణాల్లో ఎంత వస్తుందో చెప్పే సంఖ్య అది. సగటు 80 ఉండి, 1 శాతం లో 35 ఉన్న కార్డు కంటే, సగటు 72 ఉండి, 1 శాతం లో 58 ఉన్న కార్డు చేతికి స్మూత్‌గా అనిపిస్తుంది.

3. మీ టార్గెట్ ఎంత? 165 అక్కర్లేదు

మానిటర్ 165 హెర్ట్జ్ అని ప్రతి గేమ్‌లో 165 ఫ్రేమ్స్ కావాలనుకుంటే జేబు ఖాళీ అవుతుంది. ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం చూడండి. 60 ఎఫ్‌పీఎస్‌లో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు. 100లో 10 మిల్లీసెకన్లు. 165లో దాదాపు 6. అంటే 60 నుంచి 100కి వెళ్తే ఆదా అయ్యేది 6.7 మిల్లీసెకన్లు, 100 నుంచి 165కి వెళ్తే ఆదా 4 మాత్రమే. కానీ ఆ రెండో మెట్టు ఎక్కడానికి కార్డు పవర్ 65 శాతం పెరగాలి.

కాబట్టి టార్గెట్‌ని గేమ్ రకాన్ని బట్టి పెట్టుకోండి. సైబర్‌పంక్ 2077 లాంటి కథ నడిచే గేమ్స్‌కి 70 నుంచి 90 చాలు. ఫోర్జా హొరైజన్ 5 లాంటి రేసింగ్‌కి 90 నుంచి 120 ఉంటే బాగుంటుంది. కౌంటర్ స్ట్రైక్ లాంటి పోటీ గేమ్స్‌కి ఎంత వస్తే అంత మంచిది. అయితే ఆ గేమ్స్ తేలిక కాబట్టి ఓ మోస్తరు కార్డు మీద కూడా ఎక్కువ ఫ్రేమ్సే వస్తాయి.

ఇక్కడ వేరియబుల్ రిఫ్రెష్ రేట్ పెద్ద సాయం చేస్తుంది. ఫ్రీసింక్, జీ-సింక్ అని మనం పిలిచేది దీన్నే. చాలా మానిటర్లలో ఇది 48 హెర్ట్జ్ నుంచి గరిష్ఠం దాకా పనిచేస్తుంది. ఆ పరిధిలో ఫ్రేమ్స్ ఎగుడుదిగుడుగా వచ్చినా స్క్రీన్ చిరిగినట్టు కనబడదు. 48 కంటే కిందికి పడితే ఒకే ఫ్రేమ్‌ని రెండుసార్లు చూపించి నెట్టుకొస్తుంది, కానీ ఆ కింది హద్దు దగ్గరే అటూ ఇటూ ఊగిసలాడుతుంటే కంటికి ఇబ్బందే. అందుకే సగటు 50 దగ్గర ఆగిపోయే కార్డు ఈ మానిటర్‌కి తగదు. 65-70 దాటాలి. 2019 నుంచి ఎన్‌విడియా కార్డులు కూడా ఫ్రీసింక్ మానిటర్లతో ఈ ఫీచర్‌ని పనిచేయిస్తున్నాయి కాబట్టి, మానిటర్ మీద ఏ స్టిక్కర్ ఉందో చూసి కార్డు బ్రాండ్ ఎంచుకోవాల్సిన పనిలేదు.

4. వీ-ర్యామ్: 8 జీబీ అయితే వద్దు

చాలామంది రెజల్యూషన్ పెరిగితే ఆ పెద్ద బొమ్మ దాచడానికే మెమొరీ అయిపోతుందనుకుంటారు. లెక్క చూడండి. 49.5 లక్షల పిక్సెల్స్, ఒక్కోదానికి 4 బైట్లు. మొత్తం 20 ఎంబీ కూడా కాదు! మరి మెమొరీ ఎవరు తింటున్నారు? మొదటిది టెక్స్చర్స్. గోడలు, బట్టలు, ముఖాల మీద పరిచే బొమ్మలవి. తర్వాత రే ట్రేసింగ్ కోసం సీన్ మొత్తాన్ని పేర్చిపెట్టుకునే డేటా. లైటింగ్ లెక్కల కోసం ఒకే ఫ్రేమ్‌కి తయారయ్యే రకరకాల మధ్యంతర బొమ్మలు. ఇవి చాలావరకు రెజల్యూషన్‌తో పాటు పెరుగుతాయి. పైన ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే దానికీ కొంత కావాలి.

వీ-ర్యామ్ చాలకపోతే సగటు ఎఫ్‌పీఎస్ చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది. కానీ తల తిప్పగానే ఒక జర్క్ వస్తుంది, లేదా దగ్గరికెళ్లినా గోడలు మసకగా ఉంటాయి. కార్డు శక్తి ఉండీ, మెమొరీ లేక తడబడుతున్న లక్షణాలివి. సెట్టింగ్స్ తగ్గించుకోవడం తప్ప దీనికి మందు లేదు. ర్యామ్ స్టిక్ లాగా తర్వాత అదనంగా పెట్టుకునే వీలు గ్రాఫిక్స్ కార్డులో ఉండదు కదా.

అందుకే నా సలహా ఇది. ఈ రెజల్యూషన్‌కి 12 జీబీ కనీసం, 16 జీబీ అయితే నిశ్చింత. 8 జీబీ కార్డు ఎంత చవగ్గా వచ్చినా ఈ మానిటర్ కోసమైతే పక్కన పెట్టండి. ఆర్టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీ, 16 జీబీ అని రెండు రకాలుగా వస్తాయి. పేరు ఒకటే, పెట్టె ఒకేలా ఉంటుంది. బిల్లు మీద, పెట్టె మీద జీబీ సంఖ్య చూసుకున్నాకే డబ్బులివ్వండి.

5. అప్‌స్కేలింగ్‌ని లెక్కలోకి తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కానీ ఎంతవరకు అనేది తెలియాలి. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటివి గేమ్‌ని తక్కువ రెజల్యూషన్‌లో గీసి, తెలివిగా పెద్దది చేసి చూపిస్తాయి. క్వాలిటీ మోడ్‌లో పొడవు, వెడల్పు రెండూ మూడింట రెండు వంతులవుతాయి. మన మానిటర్ మీద అది 2293×960, అంటే 22 లక్షల పిక్సెల్స్. దాదాపు ఫుల్ హెచ్‌డీ అంత పని! పెద్దది చేయడానికి పట్టే సమయం ఉంటుంది కాబట్టి ఫుల్ హెచ్‌డీ అంత ఎఫ్‌పీఎస్ రాదు గానీ, దాని దరిదాపుల్లోకి వెళ్తుంది.

పెర్ఫార్మెన్స్ మోడ్‌లో మాత్రం లోపల గీసేది 1720×720. 4కే మానిటర్ మీద ఇదే మోడ్ 1920×1080 నుంచి మొదలవుతుంది, కాబట్టి అక్కడ బాగుంటుంది. మన దగ్గర 720 గీతల నుంచి పెద్దది చేయాలంటే తీగలు, ఆకులు, దూరంగా ఉన్న మనుషులు మిణుకుమిణుకుమనడం మొదలెడతాయి. అందుకే 3440×1440 మీద క్వాలిటీ మోడ్ దాకా లెక్కలోకి తీసుకోండి. అంతకంటే కిందికి దిగితేగానీ ఆడలేని కార్డు అయితే అది ఈ మానిటర్‌కి చిన్నదే.

ఏఎండీలో ఎఫ్‌ఎస్‌ఆర్ 4 ఆర్‌ఎక్స్ 9000 సిరీస్‌తో వచ్చింది, అంతకుముందున్న ఎఫ్‌ఎస్‌ఆర్‌ల కంటే బొమ్మ చాలా మెరుగ్గా ఉంటుంది. ఎన్‌విడియాలో డీఎల్‌ఎస్‌ఎస్ 4 తెచ్చిన కొత్త అప్‌స్కేలింగ్ మోడల్ పాత ఆర్టీఎక్స్ కార్డులకూ అందుతుంది. మల్టీ ఫ్రేమ్ జనరేషన్ మాత్రం 50 సిరీస్‌కే.

ఫ్రేమ్ జనరేషన్ గురించి ఒక హెచ్చరిక. 2025 జనవరిలో ఆర్టీఎక్స్ 5070ని ప్రకటిస్తూ ఎన్‌విడియా సీఈఓ జెన్సన్ హువాంగ్ ఇది 4090 అంత పెర్ఫార్మెన్స్ ఇస్తుందన్నారు. ఆ పోలిక ఏఐతో పుట్టించిన ఫ్రేమ్స్‌ని కలుపుకుని చేసినది. పుట్టించిన ఫ్రేమ్స్ వల్ల కదలిక నునుపుగా కనిపిస్తుంది, కానీ మీరు మౌస్ కదిపినప్పుడు స్పందించేది అసలు ఫ్రేమ్స్ వేగంతోనే. అసలు ఫ్రేమ్స్ 60 దగ్గర ఉంటే ఫ్రేమ్ జనరేషన్‌తో 110-120కి వెళ్లడం హాయిగా ఉంటుంది. అసలు ఫ్రేమ్స్ 30 ఉంటే, పైన 100 అని కనిపించినా చేతికి బరువుగానే తగులుతుంది. కాబట్టి కార్డుల్ని పోల్చేటప్పుడు ఫ్రేమ్ జనరేషన్ లేని చార్టునే చూడండి. దాన్ని బోనస్ అనుకోండి.

6. కేబుల్ దగ్గర మోసపోకండి

కొత్త కార్డు పెట్టాక కూడా మానిటర్ 100 హెర్ట్జ్ దాటడం లేదంటే, నూటికి తొంభై సార్లు తప్పు కార్డుది కాదు. హెచ్‌డీఎంఐ 2.0 పోర్టులో అసలు డేటాకి మిగిలేది సెకనుకు 14.4 గిగాబిట్లు. 3440×1440ని 100 హెర్ట్జ్‌లో పంపడానికే దాదాపు 12 పోతుంది. 144కి వెళ్లాలంటే 17 పైనే కావాలి. పట్టదు.

డిస్‌ప్లేపోర్ట్ 1.4లో దాదాపు 25.9 గిగాబిట్లు దొరుకుతాయి. 144 హెర్ట్జ్, 10 బిట్ రంగుతో కూడా సరిపోతుంది. 175 హెర్ట్జ్‌లో 10 బిట్ కావాలంటే లెక్క 26 దాటుతుంది, అందుకే కంప్రెషన్ లేని కొన్ని మానిటర్లలో 175 హెర్ట్జ్ పెడితే 8 బిట్‌కి దిగుతుంది. 240 హెర్ట్జ్ ఓఎల్ఈడీ మానిటర్లు డీఎస్‌సీ అనే కంప్రెషన్ సాయంతో అదే పోర్టులో నడుస్తాయి. ఆ తేడా కంటితో పట్టుకోవడం కష్టం, భయపడక్కర్లేదు.

చేయాల్సింది సింపుల్. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడండి. మదర్‌బోర్డు పోర్టుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డు పోర్టుకే పెట్టండి. విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిఫ్రెష్ రేట్ మీరే మార్చండి. దానంతటదే మారదు.

7. కార్డు ధర అంటే కార్డు ఒక్కటే కాదు

ప్రాసెసర్: అల్ట్రావైడ్ రెజల్యూషన్‌లో భారం ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. కాబట్టి రైజెన్ 5 5600 లాంటి ప్రాసెసర్ ఉన్నవాళ్లు ముందు కార్డు మార్చి చూడొచ్చు. మీ ప్రాసెసర్ అడ్డుపడుతోందో లేదో ఇప్పుడే పరీక్ష చేసుకోవచ్చు. ఒక గేమ్‌లో ఒకేచోట నిలబడి ఎఫ్‌పీఎస్ చూడండి. అప్‌స్కేలింగ్‌ని పెర్ఫార్మెన్స్ మోడ్‌కి మార్చండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ కార్డు. కదలకుండా అక్కడే ఉంటే అడ్డు ప్రాసెసర్. ఆ సంఖ్య మించి ఏ కొత్త కార్డు పెట్టినా ఆ గేమ్‌లో పెద్దగా రాదు.

మదర్‌బోర్డు: బీ450 లాంటి పాత బోర్డుల్లో ఉండేది పీసీఐఈ 3.0. ఆర్టీఎక్స్ 5060 టీఐ 16 లేన్లకు బదులు 8 లేన్లే వాడుతుంది. పాత బోర్డులో పెడితే దారి సగానికి సగం తగ్గుతుంది, సెకనుకు సుమారు 8 జీబీ. మెమొరీ చాలక సిస్టమ్ ర్యామ్ వైపు పరిగెత్తినప్పుడు ఈ ఇరుకు దారి దెబ్బ బాగా తెలుస్తుంది. 9060 ఎక్స్‌టీ, 9070, 5070 కార్డులు 16 లేన్లూ వాడతాయి.

పవర్ సప్లై: ఆర్‌ఎక్స్ 9070 కార్డు 220 వాట్లు, ఆర్టీఎక్స్ 5070 250, 5070 టీఐ 300, 9070 ఎక్స్‌టీ 304. మొదటి రెండిటికీ కంపెనీలు 650 వాట్ల పవర్ సప్లై సూచిస్తాయి, తర్వాతి రెండిటికీ 750. ఈ అంకెల్లో కాస్త ముందుజాగ్రత్త ఉన్నా, పేరూ ఊరూ లేని చవక పవర్ సప్లైతో మాత్రం ఆటలొద్దు. కార్డులు క్షణకాలం తమ వాట్లకు మించి లాగుతుంటాయి.

యూపీఎస్: మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసిందే. 600 వీఏ యూపీఎస్ అంటే 600 వాట్లు కాదు, మామూలుగా 360 వాట్ల దరిదాపు. 300 వాట్ల కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిస్తే 450 దాటుతుంది. గేమ్ మధ్యలో కరెంటు పోగానే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. పెద్ద కార్డుకి వెళ్తే యూపీఎస్ మీద వాట్ల సంఖ్య చదివి చూసుకోండి.

వేడి: రివ్యూలు చేసేవాళ్లు 21-25 డిగ్రీల ఏసీ గదిలో చేస్తారు. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని గదిలో 38 డిగ్రీలుంటే, రివ్యూలో 65 డిగ్రీలన్న కార్డు మీ దగ్గర సుమారు 80కి చేరుతుంది. పాడైపోదు గానీ ఫ్యాన్లు హోరెత్తుతాయి. 300 వాట్ల కార్డు ఆ 300 వాట్లనూ వేడిగా మీ గదిలోకే వదులుతుంది. ఏసీ లేని గదిలో ఆడేవాళ్లకి 220 వాట్ల కార్డు, 300 వాట్ల కార్డు మధ్య తేడా కరెంటు బిల్లు కంటే చెమటలోనే ఎక్కువ తెలుస్తుంది.

8. ఇప్పుడు కార్డుల దగ్గరికి వద్దాం

అన్నిటికంటే కింద: ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ, ఆర్టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ. 2025లో వచ్చినప్పుడు అమెరికాలో వీటి ధరలు 349, 429 డాలర్లు. మెమొరీ పుష్కలం, కానీ శక్తి 1440పీకే సరిపోయేంత. మీడియం-హై సెట్టింగ్స్, క్వాలిటీ అప్‌స్కేలింగ్‌తో సర్దుకుంటామంటే ఓకే. రే ట్రేసింగ్ మీద ఆశ పెట్టుకోవద్దు.

సరిగ్గా సరిపోయేది: ఆర్‌ఎక్స్ 9070, ఆర్టీఎక్స్ 5070. రెండూ 549 డాలర్లకే మొదలయ్యాయి. మామూలు గ్రాఫిక్స్‌లో రెండూ దగ్గరదగ్గరే, 9070 కాస్త ముందు. 9070లో 16 జీబీ, 5070లో 12 జీబీ. 5070కి డీఎల్‌ఎస్‌ఎస్ ఉన్న గేమ్స్ ఎక్కువ, బ్లెండర్, ఏఐ టూల్స్ లాంటి పనులకు ఎన్‌విడియా సపోర్ట్ బలం. గేమ్స్ మాత్రమే అయితే నా మొగ్గు 9070 వైపు. చదువుకో, ఉద్యోగానికో 3డీ పని చేస్తారంటే 5070.

హాయిగా నాలుగేళ్లు: ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ, ఆర్టీఎక్స్ 5070 టీఐ. రెండిట్లో 16 జీబీ. ప్రారంభ ధరలు 599, 749 డాలర్లు. మామూలు గ్రాఫిక్స్‌లో రెండూ పక్కపక్కనే నడుస్తాయి, బరువైన రే ట్రేసింగ్‌లో 5070 టీఐ ముందుంటుంది. అల్ట్రా సెట్టింగ్స్, 100 దరిదాపు ఎఫ్‌పీఎస్ కావాలంటే ఇక్కడి నుంచి మొదలవ్వాలి.

ఆర్టీఎక్స్ 5080, 5090 ఈ మానిటర్‌కి తప్పనిసరి కాదు. డబ్బుంటే ఎవరూ కాదనరు, కానీ ఆ డబ్బు తేడాతో మంచి ఓఎల్ఈడీ మానిటర్ వైపు చూడొచ్చు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్, డూమ్: ద డార్క్ ఏజెస్ లాంటి గేమ్స్‌కి రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి. జీటీఎక్స్ 1080 టీఐ, ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీ ఎంత చవగ్గా దొరికినా ఇవి తెరుచుకోవడం మీద నమ్మకం పెట్టుకోలేం. ఆర్‌ఎక్స్ 6800 ఎక్స్‌టీ 16 జీబీతో ఇంకా బాగానే లాగుతుంది. ఆర్టీఎక్స్ 3080 వేగం ఉన్నా 10 జీబీ దగ్గర ఆగిపోయింది, 320 వాట్లు తాగుతుంది. బిల్లు లేకుండా, సీరియల్ నంబర్ సరిచూసుకోకుండా, కళ్లెదుట అరగంట గేమ్ నడిపించకుండా పాత కార్డు కొనొద్దు.

9. ఒక నిజమైన సందర్భం మీద లెక్క వేసి చూద్దాం

మా పెద్దమ్మ కొడుకు ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. ఇంటికి పంపగా మిగిలినదాంట్లో దాచుకుని 34 అంగుళాల 165 హెర్ట్జ్ మానిటర్ కొన్నాడు. రైజెన్ 5 5600, బీ450 బోర్డు, 550 వాట్ల పవర్ సప్లై, 6 జీబీ పాత కార్డు. "అన్నా, 5060 టీఐ తీసుకుంటే సరిపోదా? పదమూడు వేలు మిగులుతాయి" అన్నాడు. పదమూడు వేలు అంటే వాడి రెండు నెలల హాస్టల్ ఖర్చు. ఊరికే "పెద్దది కొను" అని చెప్పే విషయం కాదిది.

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. వాడు ఆడే నాలుగు గేమ్స్‌కి రివ్యూల్లోని 1440పీ సంఖ్యల సగటు తీశాం. ఇక్కడ మీకు సులువుగా ఉండేందుకు అంకెల్ని రౌండ్ చేసి రాస్తున్నాను, ధరలు మీ షాపులో వేరేగా ఉంటాయి.

చిన్న కార్డు: ధర 45,000. 1440పీలో 64 ఎఫ్‌పీఎస్. 0.78తో గుణిస్తే అల్ట్రావైడ్‌లో 50. ఒక్కో ఫ్రేమ్ ఖరీదు 900 రూపాయలు.
పెద్ద కార్డు: ధర 58,000. 1440పీలో 90 ఎఫ్‌పీఎస్. అల్ట్రావైడ్‌లో 70. ఒక్కో ఫ్రేమ్ దాదాపు 829 రూపాయలు.

ఇక్కడితో ఆపితే పెద్ద కార్డే లాభం అనిపిస్తుంది. కానీ దానికి 650 వాట్ల పవర్ సప్లై కావాలి. ఇంకో 6,500 కలిపితే 64,500. అప్పుడు ఒక్కో ఫ్రేమ్ 921 రూపాయలు. అంటే రూపాయికి వచ్చే ఫ్రేమ్స్‌లో చిన్న కార్డే కాస్త ముందుంది!

మరి చిన్నదే కొనాలా? ఇక్కడే ముందు నేర్చుకున్నవన్నీ పనికొస్తాయి. చిన్న కార్డు సగటు 50. మానిటర్ వేరియబుల్ రిఫ్రెష్ పరిధి మొదలయ్యేది 48. ఆట కాస్త బరువెక్కగానే ఆ హద్దు కిందికి జారుతుంది. పైగా బీ450 బోర్డు, 8 లేన్ల దారి. రెండేళ్లలో రాబోయే గేమ్స్‌కి ఇంకా కిందికే. అప్పుడు మళ్లీ కార్డు మార్చాలంటే ఈ 45,000లో సగం కూడా తిరిగి రావడం కష్టం. పెద్ద కార్డు సగటు 70. క్వాలిటీ అప్‌స్కేలింగ్ పెడితే ఇంకా పైకి. పవర్ సప్లై తర్వాతి కార్డుకి కూడా ఉంటుంది, దండగ కాదు.

"అయితే ఇంకో రెండు నెలలు ఆగుతా" అన్నాడు. సరైన జవాబు అదే. ఆ రెండు నెలలు పాత కార్డుతో గేమ్‌ని 2560×1080లో పెట్టి ఆడాడు. స్క్రీన్ నిండుతుంది, పిక్సెల్స్ 44 శాతం తగ్గుతాయి, బొమ్మ కాస్త మెత్తగా ఉంటుంది. క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టకుండా ఆర్‌ఎక్స్ 9070, దాంతోపాటు పవర్ సప్లై తీసుకున్నాడు. వాడికి బ్లెండర్ పని లేదు కాబట్టి 16 జీబీ వైపే వెళ్లాం.

10. మీ గేమ్ అసలు అల్ట్రావైడ్‌ని వాడుతుందా?

ఇది చివర్లో చెప్పినా మీరు మొదట చూసుకోవాల్సిన విషయం. బాగా సపోర్ట్ చేసే గేమ్‌లో పక్కలకి ఎక్కువ కనిపిస్తుంది. 16:9లో 90 డిగ్రీల చూపు ఉంటే ఇక్కడ దాదాపు 107 డిగ్రీలవుతుంది. సైబర్‌పంక్ 2077, ఫోర్జా హొరైజన్ 5 అలాంటివి. ఎల్డెన్ రింగ్‌లో మాత్రం రెండు పక్కలా నల్ల పట్టీలే, పైగా 60 ఎఫ్‌పీఎస్ పరిమితి. వాలరెంట్‌లో కూడా అల్ట్రావైడ్ వల్ల అదనంగా ఏమీ కనిపించదు. మీరు రోజూ ఆడేది ఇలాంటి గేమ్సే అయితే మీకు కావాల్సింది మామూలు 1440పీ కార్డు. అదనంగా పెట్టే డబ్బు ఆ నల్ల పట్టీలకే పోతుంది.

డబ్బు కట్టేముందు ఇవి ఒకసారి చూసుకోండి

మీరు నిజంగా ఆడే నాలుగైదు గేమ్స్ పేర్లు కాగితం మీద రాయండి. వాటి 1440పీ ఎఫ్‌పీఎస్‌ని 0.78తో గుణించండి. 65 దాటుతోందా? వీ-ర్యామ్ 12 జీబీ లేదా పైన ఉందా? పవర్ సప్లై సరిపోతుందా, లేకపోతే దాని ధర కలిపారా? క్యాబినెట్‌లో కార్డు పొడవు పడుతుందా? టేప్ పెట్టి కొలవండి, కొన్ని మూడు ఫ్యాన్ల కార్డులు 30 సెంటీమీటర్లు దాటుతాయి. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఉందా? ఇండియా వారంటీ ఉన్న బిల్లు ఇస్తున్నారా?

సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా, ఈ కాగితం జేబులో ఉంటే షాపువాడు "ఇదైతే సూపర్ బ్రో, స్టాక్ అయిపోతోంది" అన్నప్పుడు తొందరపడరు. మీ గేమ్స్ పేర్లు, మీ సిస్టమ్ వివరాలు, బడ్జెట్ కింద కామెంట్‌లో రాస్తే, ఇదే పద్ధతిలో లెక్క వేసి నా అభిప్రాయం చెబుతాను.